లేబర్ రూమ్‌లో నా గొంతు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను సిద్దిపేట ప్రాంతంలోని ఒక ప్రభుత్వ దవాఖానకు లేబర్ రూమ్ హెడ్ నర్సుగా బదిలీ చేశారు. దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు. జరిగిన దానిలో తప్పు నాది.

హెడ్ నర్సు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. పడక దగ్గర పనిచేసేది స్టాఫ్ నర్సు. వాళ్ళకు డ్యూటీలు వేసేది, మందులూ సామానూ సరిచూసేది, డాక్టరు చెప్పిన పని జరిగిందా లేదా అని వెంటపడేది హెడ్ నర్సు. ఆమె పైన నర్సింగ్ సూపరింటెండెంట్ ఉంటుంది. మిగతా వార్డుల్లో హెడ్ నర్సు కుర్చీలో కూర్చుని పని నడిపించవచ్చు గానీ లేబర్ రూమ్‌లో అది కుదరదు. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి నొప్పులు ఎక్కువైతే గ్లవ్స్ తొడుక్కుని నిలబడాల్సిందే. నేను ఎన్నడూ వెనక్కి తగ్గలేదు. పని విషయంలో నన్ను వేలెత్తి చూపినవాళ్ళు లేరు. అది నాకు గర్వంగా ఉండేది. పని బాగా చేస్తున్నాను కదా, నోరు ఎట్లా ఉంటే ఏం అనుకునేదాన్ని.

నాది ముక్కు మీద కోపం. పుట్టుకతో వచ్చిందని తప్పించుకోను, ఎందుకంటే సగం నేర్చుకున్నదే. మా రోజుల్లో లేబర్ రూమ్‌లో కసరడం కూడా పనిలో భాగమే. అది పుస్తకంలో ఉండదు, పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి. తల్లి భయపడి ముక్కకపోతే సీనియర్ సిస్టర్ గట్టిగా ఒక కేక వేసేది, తొడ మీద ఒక్కటి చరిచేది, బిడ్డ బయటికి వచ్చేది. కేక వేసినందుకే వచ్చిందని మేమందరం నమ్మాం. వెళ్ళేటప్పుడు బంధువులు కూడా చేతులు జోడించి, "మీరు బెదిరిచ్చిన్రు గాబట్టి అయింది సిస్టరమ్మా" అని దండం పెట్టి పోయేవాళ్ళు. ఇక మాకు అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? చెయ్యి చేసుకోవడం నేను చాలా ఏళ్ళ కిందటే మానేశాను. గొంతు మాత్రం మానలేదు. ఆయమ్మలు నన్ను వెనకాల "కారం మేడం" అనేవాళ్ళు. తెలిసినా తెలియనట్టు ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు కొంచెం నచ్చేది కూడా.

ఆ వేసవిలోనే కాన్పు గదుల్లో పనిచేసే హెడ్ నర్సులకు ఒక శిక్షణ పెట్టారు. తల్లులతో మర్యాదగా మెలగడం, నొప్పులు పడేటప్పుడు ఊపిరి ఎట్లా తీసుకోవాలో వాళ్ళకు నేర్పడం, మన మనసును మనం నిలకడగా ఉంచుకోవడం అందులోని పాఠాలు. నేర్పింది మిడ్‌వైఫరీ కోర్సు చేసి వచ్చిన ఒక అమ్మాయి. నా బిడ్డ కన్నా చిన్నది. కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం ఊరికే గమనించమంది. కోపం వచ్చినప్పుడు అది ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో చూసుకోమంది. దవడలు, మెడ, భుజాలు, పొట్ట అని ఒక్కొక్క భాగం పేరు నెమ్మదిగా చెబుతుంటే, నేను కళ్ళు మూసుకుని స్టోర్స్‌కు పెట్టాల్సిన మందుల ఇండెంటు గురించి ఆలోచించాను. ఇంకో ఇద్దరు స్టాఫ్‌ను ఇస్తే నా దవడలు వాటంతట అవే సర్దుకుంటాయని పక్కనున్న ఆమెతో అన్నాను. ఇద్దరం కిసుక్కున నవ్వుకున్నాం. ఆ అమ్మాయి వినే ఉంటుంది, పాఠం మాత్రం ఆపలేదు.

తిరిగి వచ్చాక నేర్చుకున్నది అమలు చేయాలని ఆర్డరు. ఆర్డరు అంటే నాకు ఆర్డరే. గోడలకు బొమ్మలు అంటించాను. డ్యూటీ మారేటప్పుడు అందరూ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవాలని చెప్పాను. మా ఆయమ్మల్లో పెద్దది ఎల్లమ్మ, తెల్లవారకముందే లేచి బస్సెక్కి వచ్చే మనిషి, అట్లా కూర్చున్నదే కునుకు తీసింది. "ప్రశాంతంగ కూసోమంటే గుర్రు పెడుతవేంది" అని గదంతా వినబడేటట్టు ఆమె మీద పడ్డాను. తల్లులకు ఊపిరి పాఠం కూడా అదే గొంతుతో. "మెల్లగ ఇడువు, మెల్లగ అంటున్న గదా, ఇనబడుతలేదా" అని అరిచేదాన్ని. రాస్తుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

నేను చెప్పదలచుకున్న రోజు ఉదయం నెలవారీ సమీక్ష జరిగింది. ఎన్ని కాన్పులు మామూలుగా అయ్యాయి, ఎన్నిటికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది అని ప్రతి దవాఖానవాళ్ళనూ నిలబెట్టి అడుగుతారు. మా దగ్గర ఆపరేషన్లు పెరిగాయి. తల్లులకు ఓపిక చెప్పే మనిషి మీ గదిలో ఒక్కరూ లేరా అని ఒక అధికారి అందరి ముందు నన్ను అడిగాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఉరిమురిమి మంగలం మీద పడ్డట్టు, ఆ కోపమంతా మోసుకుని లేబర్ రూమ్‌కు వచ్చాను.

అక్కన్నపేట వైపు నుంచి పొద్దున్నే వచ్చి చేరిన స్వరూపకు అది తొలి కాన్పు. డిగ్రీ చదివిన పిల్ల. భర్త శ్రీకాంత్ తాళ్ళు గీసి కల్లు తీస్తాడు, ఊళ్ళో చిన్న కొట్టు కూడా ఉంది. ఆమెకు తల్లి లేదు కాబట్టి పుట్టింటివాళ్ళ బదులు అత్త లచ్చవ్వ తోడు వచ్చింది. కాన్పు గదిలో తల్లి పక్కన ఇంటి ఆడమనిషి ఒకరిని ఉండనిస్తాం. స్వరూపకు నొప్పులు మొదలయ్యాయి గానీ గర్భసంచి నోరు ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు. ఈ దశ చాలాసేపు సాగుతుంది. తొలిచూలు వాళ్ళకు ప్రతి నొప్పికీ ఇప్పుడే అయిపోతుందేమో అనిపిస్తుంది, మాటిమాటికీ పిలుస్తారు. పిలిచినప్పుడల్లా పోయి ఒక మాట చెప్పి రావడమే అక్కడ మా పని. చెప్పడానికి సులువే.

నేను వచ్చేసరికి స్వరూప పక్క మంచం మీది ఆమె నొప్పి ఆపుకోలేక పక్క తడిపింది. కాన్పు గదిలో అది రోజూ జరిగేదే. బిడ్డ తల కిందికి దిగుతుంటే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. అది నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. అయినా నేను అన్న మాట ఇది: "ఇది దవాఖాననా, మీ పెరడా? ఎవలు కడుగాలె దీన్ని?" ఆ మనిషి ఏడుపు మొహంతో లేవబోయింది. ఎల్లమ్మ వచ్చి ఆమెను పడుకోబెట్టి పక్క మార్చింది.

కాసేపటికి స్వరూప పిలిచింది. పోయి చూశాను, మార్పు లేదు. మళ్ళీ పిలిచింది, చూశాను. మూడోసారి తెర అవతలి నుంచే అరిచాను. "ఊకూకె పిలుస్తవేంది? ఇంక మస్తు టైముంది. ఇంకోసారి పిలిస్తే ఆపరేషన్‌కు రాసి పడేస్త, గప్పుడు తెలుస్తది." ఆపరేషన్ రాసే అధికారం నాకు లేదు. అది డాక్టరు పని. ఆ సంగతి ఆమెకు తెలియదు కదా. తెర వెనక చప్పుడు ఆగిపోయింది. మందు పనిచేసిందనుకుని కేస్ షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత స్వరూప పిలవలేదు. గది నెమ్మదిగా ఉందని సంతోషపడ్డాను కూడా.

కడుపులో బిడ్డ గుండె చప్పుడును గంట గంటకూ, నొప్పులు ముదిరాక అరగంటకోసారి వినాలి. అంతకు ముందు స్టాఫ్ నర్సు విన్నప్పుడు బాగానే ఉంది. ఈసారి ఆమె పక్క మంచం కాన్పులో ఉండటంతో డాప్లర్ తీసుకుని నేనే వెళ్ళాను. డాప్లర్ అంటే చేతిలో పట్టే చిన్న యంత్రం, పొట్ట మీద ఆనిస్తే చప్పుడు బయటికి వినబడుతుంది. గుర్రం దౌడు తీసినట్టు వినబడాల్సిన చప్పుడు ఈడ్చుకుంటూ వినబడింది. నొప్పి వచ్చి పోయాక కూడా కోలుకోలేదు. నా కళ్ళు పక్క మీదికి పోయాయి. తడిగా ఉంది. స్వరూప లంగా మార్చుకుని ఉంది. మంచం కింద సంచిలో కుక్కిన బట్ట కొస పచ్చగా కనిపించింది.

ఉమ్మనీరు తెల్లగా నీళ్ళలాగా ఉండాలి. పచ్చగా ఉందంటే బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసిందని అర్థం. దానికి తోడు గుండె చప్పుడు కూడా తగ్గిందంటే బిడ్డ ఆపదలో ఉన్నట్టే. నీళ్ళు పోయి చాలాసేపయింది. ఎవరూ నాకు చెప్పలేదు.

"ఏమే" అన్న మాట నా నోట్లోంచి బయటపడింది. అంతే. ఎందుకు చెప్పలేదన్నది నోట్లోనే ఉంది. సెలైన్ సూది ఉన్న చేతిని స్వరూప చటుక్కున పైకెత్తి మోచేయి మొహానికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తాలన్న ఆలోచన కూడా నాకు లేదు. నా గొంతు విని ఆమె దెబ్బ కోసం సిద్ధమైంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణంలో నా ఒళ్ళు నాకు తెలిసింది. దవడలు బిగిసి ఉన్నాయి, మెడ వెనక వేడిగా ఉంది, ఊపిరి పైపైనే ఆడుతోంది. శిక్షణలో ఆ అమ్మాయి వరసగా చెప్పిన చోట్లే. నేను గట్టిగా ఊపిరి వదిలాను. మనసు నెమ్మదించిందని చెబితే అబద్ధం. నోరు మాత్రం ఆగింది. "ఎడమ దిక్కు తిరుగు బిడ్డా. నా చెయ్యి వట్టుకో" అన్నాను. డాక్టరుకు ఫోన్ చేయమని ఎల్లమ్మకు చెప్పాను, సెలైన్ వేగం పెంచాను, ఆక్సిజన్ పెట్టాను. స్వరూప నా చెయ్యి పట్టుకోకుండానే, "తప్పయింది మేడం, పక్క తడిపిన" అంది. తప్పు నీది కాదని ఆమెకు అప్పుడే చెప్పాల్సింది. నేను చెప్పలేదు. "ఊపిరి మెల్లగ ఇడువు" అని మాత్రం అన్నాను. ఆమెతో పాటు నేనూ వదిలాను. థియేటర్ తలుపు దాకా స్ట్రెచర్ పక్కన అట్లాగే నడిచాను.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. వెంటనే ఏడవలేదు. ముక్కూ నోరూ శుభ్రం చేసి, మాస్క్ పెట్టి గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందించాక సన్నగా మూలిగింది. నెలలు నిండక పుట్టిన పిల్లలనూ ఇట్లా పుట్టుకలోనే దెబ్బతిన్న పిల్లలనూ ఉంచే ప్రత్యేక వార్డుకు తీసుకుపోయారు. మొదటి రోజు ఫిట్స్ వచ్చాయి. మెదడుకు గాలి అందని పిల్లలకు అట్లా వస్తాయి. కొందరు పూర్తిగా కోలుకుంటారు, కొందరు కోలుకోరు. ఆ పిల్ల ఎటు పోతుందో అప్పుడే ఎవరూ చెప్పలేరు.

ఆపరేషన్ అయిన వెంటనే థియేటర్ బయట డాక్టరు, నీళ్ళు ఎప్పుడు పోయాయని ఇంటివాళ్ళను అడిగింది. లచ్చవ్వ భయం భయంగా చెప్పింది. కోడలు పక్క తడిపిందనుకున్నదట. "పచ్చగుంటే ఎండలకు నీళ్ళు తాగక గట్లయిందేమో అనుకున్న మేడం. నేనే తుడిచి బట్ట సంచిల పెట్టిన" అంది. ఎండాకాలంలో ఆమెకు అట్లా అనిపించడంలో వింత లేదు. డాక్టరు విసుక్కుంది. అట్లాంటిది దాచిపెడతారా, చెబితే ముందే చూసేవాళ్ళం కదా అంది. తనకు తెలిసిన మేరకు ఆమె మాట న్యాయమే. శ్రీకాంత్ తల్లి వంక చూశాడు. ఆ చూపు తర్వాత స్వరూప మీదికి పోతుందని నాకు తెలుసు. నేను మూడడుగుల దూరంలో ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. అనలేదు. ఆ రోజు జరిగిన వాటిలో నాకు ఇప్పటికీ అన్నిటికన్నా బరువైనది ఆ మౌనమే. కోపంలో నోరు జారిందని చెప్పుకోవచ్చు. అక్కడ నాకు కోపం లేదు, తెలివి పూర్తిగా ఉంది.

సాయంత్రం లచ్చవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొంగు తడిసి ఉంది. "మంచం కింద గూడ కడిగిన మేడం. కోపం చెయ్యకున్రి" అని చేతులు జోడించింది. సరే పో అన్నాను.

తర్వాతి రోజుల్లో నేను చూసింది ఇది. శ్రీకాంత్ తల్లితో మాట్లాడటం మానేశాడు. భార్య దగ్గరికి వచ్చినప్పుడల్లా, "నోరు లేకుండెనా నీకు? డిగ్రీ ఎందుకు చదివినవ్?" అని ఒకటే మాట. స్వరూప గోడ వైపు తిరిగి పడుకునేది. బిడ్డ వార్డులో ఉంది కాబట్టి తల్లి పాలు పిండి గిన్నెలో పట్టి పంపాలి. ఆమెకు పాలు పడటం లేదు. ఏడ్చేవాళ్ళకు పాలు సరిగా రావని ప్రతి నర్సుకూ తెలుసు. బిడ్డకు రేపు నడక రాకపోయినా, మాట రాకపోయినా, ఆ ఇంట్లో జీవితాంతం వేలు చూపించేది స్వరూప వైపే. నేను నోరు విప్పకపోతే అంతే.

డ్యూటీ దిగాక బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని, శిక్షణలో చెప్పినట్టు కళ్ళు మూసుకున్నాను. ఈసారి నవ్వులాటకు కాదు. ఊపిరి గమనిస్తే మనసు నిమ్మళమవుతుందని విన్నాను. నాకు నిమ్మళం రాలేదు. ఊపిరి వెంట పోయిన ప్రతిసారీ ఆ మోచేయి కళ్ళ ముందుకు వచ్చింది. లేచి పోవాలనిపించింది, ఒకటి రెండుసార్లు లేచిపోయాను కూడా. చివరికి ఒక రోజు లేవకుండా కూర్చున్నాను. నన్ను అక్కడినుంచి లేపి పంపుతున్నది కోపం కాదు, భయమూ కాదు, సిగ్గు అని అప్పుడు పేరు పెట్టగలిగాను. పేరు తెలిశాక చేయాల్సింది కూడా తెలిసింది. లేచి తిన్నగా స్వరూప వార్డుకు పోయాను.

భర్త, అత్త ఇద్దరూ అక్కడే ఉన్నారు. స్టూలు వేశారు గానీ కూర్చోలేదు. నేను పక్క మంచం ఆమెను ఏమన్నానో, స్వరూపను ఏమన్నానో, అన్న మాటలు అన్నట్టే చెప్పాను. నా నోటికి జడిసి ఈ పిల్ల చెప్పలేదు, తప్పు నాది, ఈమెది కాదు అన్నాను. చుట్టుపక్కల మంచాలవాళ్ళు వింటున్నారు. వినాలనే గట్టిగా చెప్పాను.

లచ్చవ్వ గాభరాపడింది. "మీరు గట్లనకున్రి మేడం. మా మంచికే గదా తిడుతరు. కాన్పుల తిట్టనోళ్ళు ఎవరున్నరు?" అంది. ఆమె నన్ను వెనకేసుకొస్తుంటే నాకు ఇంకా కుచించుకుపోవాలనిపించింది. శ్రీకాంత్ మాత్రం నా మొహంలోకి చూసి, నెమ్మదిగానే అడిగాడు. "మరి గప్పుడే ఎందుకు చెప్పలే మేడం? గిన్నొద్దులు దీన్ని తిడుతనే ఉన్న." సిగ్గయింది, అందుకే చెప్పలేదన్నాను. "మీకు సిగ్గయితే తిట్లు ఇది తిన్నది" అన్నాడు.

స్వరూప గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. అన్నాళ్ళలో ఆమె నా వైపు చూడటం అదే మొదటిసారి. "ఉచ్చ కాదని నాకు అనుమానమైంది మేడం" అంది. "మా అత్తమ్మకు తెల్వదు గని నాకైంది. నీళ్ళు పోతే చెప్పాలని మా ఊరి ఆశా వర్కర్ అక్క జెప్పింది. పిలుద్దామని నోరు తెరిచిన. మళ్ళ పిలిస్తే ఏమంటరో అనుకున్న." అంతవరకే చెప్పి మళ్ళీ అటు తిరిగింది. అప్పటిదాకా నేను, ఏదో తెలియక జరిగిన పొరపాటుకు నా కోపం తోడైందని లెక్కేసుకుంటున్నాను. పొరపాటు ఏమీ లేదు. ఆమెకు తెలుసు. బిడ్డ ప్రాణం ఒక పక్క, నా నోరు ఒక పక్క పెట్టి చూసుకుంది. నా నోటికే ఎక్కువ భయపడింది.

డాక్టరుకూ సూపరింటెండెంట్‌కూ అదే సంగతి చెప్పాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. హెచ్చరికతో వదిలేశారు. అది నాకు పెద్దగా తగలలేదు. బిడ్డకు ఫిట్స్ మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు తల్లి దగ్గర పాలు తాగింది, ఇంటికి పోయింది. ఏడాది నిండాక అడుగులు వేస్తోందని ఆ ఊరి ఆశా కార్యకర్త ద్వారా తెలిసింది. స్వరూప రెండో కాన్పుకు మా దగ్గరికి రాలేదు. వేరే దవాఖానకు పోయింది. మంచి పని చేసిందనుకున్నాను.

ఆ తర్వాత నా కోపం ఏమైందని అడుగుతారు. పోలేదు. అరవై ఏళ్ళ దగ్గరికి వచ్చిన మనిషికి స్వభావం పాత చీర విడిచినట్టు విడిచేది కాదు. నేను పట్టుకున్నది ఒక చిన్న పద్ధతి. తల్లిని ముట్టే ముందు చేతులు కడగడం మా వృత్తిలో మొదటి నియమం. అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళు, మణికట్టు, ఒక వరస ఉంటుంది, తొందరపడితే కుదరదు. ఉద్యోగమంతా ఆ పని చేతులతో చేస్తూ మనసుతో ఇంకెవరినో తిడుతూ ఉండేదాన్ని. ఇప్పుడు కడిగినంతసేపూ నీళ్ళనూ చేతులనూ ఊపిరినీ మాత్రమే చూడటం మొదలుపెట్టాను. దవడలు బిగిసి ఉంటే అక్కడే తెలిసేది. వదిలేదాకా పంపు దగ్గరనుంచి కదిలేదాన్ని కాదు. కోపం ఎత్తుకుంటున్నట్టు పక్కవాళ్ళకు నాకన్నా ముందే తెలుస్తుంది కాబట్టి, అట్లాంటప్పుడు నాకు చెప్పమని ఎల్లమ్మను అడిగాను. ఆమె చాలా రోజులు నమ్మలేదు. పోయి పోయి కారం మేడంకు ఎవరు చెబుతారు? ఒకరోజు నేను ఒక తల్లి మీద గొంతు పెంచుతుంటే వెనకనుంచి, "మేడం, జర చేతులు కడుక్కోన్రి" అంది. గదిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మొదట ఆమె మీదే కోపం వచ్చింది. పోయి కడుక్కున్నాను. రిటైరయ్యేలోపు ఆ మాట ఆమె నాకు చాలాసార్లు చెప్పింది, స్టాఫ్ నర్సులు కూడా నేర్చుకున్నారు.

కొన్ని నెలలకు గదిలో పిలుపులు పెరిగాయి. ఊరికే కడుపు గట్టిపడిందని, దాహమైతుందని, భయమైతుందని, కొందరు ఏమీ లేకుండానే పిలిచేవాళ్ళు. డ్యూటీ నర్సులు విసుక్కున్నారు. తిట్టేవాళ్ళు లేకపోయేసరికి వీళ్ళు నెత్తికెక్కుతున్నారని నాతోనే అన్నారు. నెత్తికెక్కనీ, పిలిచినప్పుడల్లా పోవాల్సిందే అన్నాను. అట్లా పిలిచినవాళ్ళలో నిజంగా రక్తం పోతున్నవాళ్ళూ ఉన్నారు, బిడ్డ కదలిక ఆగినట్టుందని చెప్పినవాళ్ళూ ఉన్నారు. అందరి దగ్గరికీ మేము సమయానికి చేరుకున్నాం.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకు చెప్పదలచుకున్నది ఒక్కటే. నర్సుకు తల్లి చెప్పే మాటే మొదటి పరీక్ష. ఏ యంత్రమైనా దాని తర్వాతే. నర్సు కోపం ఆ మాటను నోట్లోనే ఆపేస్తుంది, ఆపినట్టు నర్సుకు తెలియనివ్వదు కూడా. స్వరూప సంగతి ఒక్కటే, అదీ ఆమె చెప్పింది కాబట్టి నాకు తెలిసింది. నేను సర్వీసులో చేరినప్పటి నుంచి నా గొంతు విని, పిలుద్దామని తెరిచిన నోరు మూసుకున్న తల్లులు ఎంతమందో, వాళ్ళ మంచాల దగ్గర ఏం జరిగిందో నాకు తెలియదు. ఆ రోజుల్లో నా గది నెమ్మదిగా ఉండేదని అందరూ మెచ్చుకునేవాళ్ళు.